మన పొరుగు లూథరన్లు

వజ్రములు సానబట్టు కార్ఖానాలతోను, చీరలపై బుటాలు కుట్టు యంత్రముల రొదతోను, సౌరాష్ట్రమునుండి తరలివచ్చి స్థిరపడిన కుటుంబములతోను నిండిన సూరతు నగరపు వరాఛాలో తెలుగు మాట వినబడినచో, ఆ మాటలాడువారు మరమగ్గముల పనికై తెలంగాణమునుండి వచ్చిన నేతగాండ్రే యై యుందురని సాధారణముగా తలంతుము. అట్టి చోట గుంటూరు సీమవాడొకడు ఆదివారము ఉదయమున పాటల పుస్తకము చేతబట్టి బయలుదేరి, పొరుగువారడిగినపుడు తాను లూథరన్ ననినచో, ఆ పేరు వారికి కేవల పరదేశీయముగ తోచవచ్చును. కాని తెలుగుదేశముతో ఆ పేరునకు గల చుట్టరికము మిక్కిలి పాతది, ఉల్లాసకరమైనది కూడ.

1517 అక్టోబరు 31వ తేదీన విట్టెన్‌బర్గు పట్టణమున, పాపక్షమాపణ పత్రముల విక్రయమును ఖండించుచు తొంబదియైదు సిద్ధాంతవాక్యములను వెలువరించిన మార్టిన్ లూథరు, దైవానుగ్రహము ధనముచేతనో తపస్సుచేతనో ఆర్జింపదగినది కాదనియు, విశ్వసించిన వానికి అది ఉచితముగనే లభించుననియు బోధించెను. అప్పు తీరినవాని గుండెవలె తేలికపడిన హృదయము పాడక మానదు. సన్న్యాసమును విడిచి 1525లో కాథరీనా ఫాన్ బోరాను పెండ్లాడి, తోటపనియు పశుపోషణయు బీరు కాచుటయు ఆమె సమర్థతతో నిర్వహించు నింట విద్యార్థులతో కలసి భుజించుచు, తంత్రీవాద్యమును మీటుచు కాలము గడపిన ఆ గృహస్థుని నెరిగినవారికి, లూథరన్ భక్తి యనగా మొగము ముడుచుకొని కూర్చుండుట యను భ్రమ నిలువదు.

ఆయన బాలుర కొరకును ఇంటి పెద్దల కొరకును 1529లో రచించిన చిన్న ప్రశ్నోత్తరిని, మద్రాసులో తెలుగు నేర్చిన జర్మను మిషనరీ బెంజమిన్ షుల్జ్ తెనిగించి 1746లో జర్మనీలోని హాలె నగరమున ముద్రింపించెను. అచ్చుపడిన మొట్టమొదటి తెలుగు పుస్తకములలో అది యొకటి. పిదప 1842 జులై 31వ తేదీన అమెరికానుండి గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యరు, అమెరికాకు మరలిన పిమ్మట, రాజమహేంద్రవరపు లూథరన్ మిషను దిక్కులేక యున్నదని విని డెబ్బదియారేండ్ల ప్రాయమున, 1869లో, తిరిగి సముద్రము దాటి వచ్చెను. ఆ ముదుసలి పూనికను తలచినప్పుడెల్ల నాకు చేతులు జోడింపవలెననిపించును. ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి 1927లో ఏర్పడెను.

ఈ సంఘ జీవితపు రుచి తెలియవలెనన్న గుంటూరు పల్లెలలోని కోత పండుగను చూడవలెను. గుమ్మడికాయలు, కోళ్లు, గ్రుడ్లు, కొత్త ధాన్యము బలిపీఠము ముందు రాశిపడును. ఆరాధన ముగిసిన పిదప వేలము సాగును. పంతముమీద కొన్న గుమ్మడికాయను కొన్నవాడే దేవునికి మరల ఇచ్చివేయగా అది రెండవసారి వేలమున కెక్కును. శుభశుక్రవారమున యేసు సిలువపై పలికిన ఏడు మాటలపై ప్రసంగములు మధ్యాహ్నమంతయు సాగును. క్రిస్మసు రాత్రులలో పిల్లలు ఇంటింటికి పాడుచు తిరుగుదురు. ప్రశ్నోత్తరిలోని ఒక్కొక్క ఆజ్ఞకు భావమేమని సంఘకాపరి యగు అయ్యగారడుగ, సంస్కారము పుచ్చుకొనుటకు సిద్ధపడు పిల్లలు తడబడుచు చెప్పుదురు. హార్మోనియము తోడ సాగు తెలుగు కీర్తనలలో పురుషోత్తమ చౌదరి కూర్చిన పాటలు నేటికిని వినబడుచునేయున్నవి.

లూథరు బోధలో వరాఛావారికి మిక్కిలి దగ్గరగా నుండునది మరియొకటి గలదు: మఠవాసియే కాదు, నేత నేయువాడును, వంట వండునదియు తమ తమ పనిచేతనే పొరుగువానికి మేలుచేసి దేవుని సేవించుచున్నారని ఆయన నొక్కి చెప్పెను. పండ్రెండు గంటలు మగ్గము కడ నిలుచు వానికి ఇంతకన్న గౌరవమిచ్చు మాట యేది?

సూరతులో ప్రొటెస్టెంటు సంఘములకు పునాది లండను మిషనరీ సొసైటీ వేయగా, పిదప ఐర్లండు ప్రెస్బిటీరియను మిషను ఆ పనిని చేపట్టినది. 1970లో అవి ఉత్తర భారత సంఘమున చేరినవి. అందు ఆరాధన ప్రధానముగ గుజరాతీలో సాగును. తెలుగు లూథరన్లు అచ్చటివారితో కలసి ఆరాధించుట మంచిదే, కాని ఇంటి భాషలో దేవుని వాక్యము వినవలెనని పోరాడి 1522లో క్రొత్త నిబంధనను జర్మను చేసినవాని పేరు ధరించినవారు తమ పిల్లలకు తెలుగు కీర్తన దూరము కానీయరాదని నా దృఢాభిప్రాయము. గుంటూరు, రాజమహేంద్రవరపు సంఘ పెద్దలు సూరతు వంటి వలస నగరములకు పాటల పుస్తకములను, ప్రశ్నోత్తరులను పంపి, ఏడాదికి కొన్ని వారములైన ఒక అయ్యగారిని అచ్చట నిలిపినచో, నెలకొక సాయంకాలము ఏదో యొక యింట తెలుగు ఆరాధన జరుపుకొనుట సాధ్యమగును. ఆ సాయంకాలము ఇరుగుపొరుగు గుజరాతీలను, తెలంగాణపు నేతగాండ్రను కూడ పిలిచి, పాట వినిపించి, భోజనము పెట్టవలెను.