సూది వేసే ముందు ఏం చెప్పారు?

ముక్కు పక్కనుంచి పెదవుల దాకా దిగే గీతల్లోకి సూదితో జెల్ ఎక్కించడాన్ని ఫిల్లర్ అంటున్నారు. ఎక్కువగా వాడేది హైలురానిక్ యాసిడ్. కొన్ని నెలల్లోనో ఏడాదిన్నరకో కరిగిపోతుంది, మళ్ళీ డబ్బు కట్టాలి. వయసును జబ్బుగా చూపించి చేసే వ్యాపారమని మనవాళ్ళంటారు. నిజమే. కానీ అక్కడే ఆగిపోయి, వేయించుకున్న స్త్రీని ఎగతాళి చేయడం నాకు నచ్చదు. (జుట్టుకు రంగేసుకున్న మగవాడికి ఎవరూ ఉపన్యాసమివ్వరు!) ముఖం చూసి ఉద్యోగమిచ్చే చోట ఆమె లెక్కలు ఆమెకుంటాయి.

నేనడిగేది, ఆమెకు ఏం చెప్పి సూది వేశారని. జెల్ పొరపాటున రక్తనాళంలోకి పోతే చర్మం చచ్చిపోవచ్చు, చూపు పోవచ్చు, పక్షవాతం రావచ్చు. అరుదే, కానీ పోయిన చూపు తిరిగి రావడం కష్టం. అమెరికా ఎఫ్.డి.ఎ. 2015లోనే హెచ్చరించింది. ఇంగ్లండులో శిక్షణ లేనివాళ్ళు కూడా ఫిల్లర్లు వేస్తున్నారని 2013లో బ్రూస్ కియో నివేదిక తప్పుపట్టింది. అందం కోసం 18 ఏళ్ళలోపు వారికి వేయకూడదన్న చట్టం రావడానికే 2021 దాకా పట్టింది.

ఇక మన దగ్గర. చికిత్సలోని ముఖ్యమైన ప్రమాదాలు, ప్రత్యామ్నాయాలు చెప్పాకే సమ్మతి తీసుకోవాలని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లి కేసులో తేల్చింది. అది గర్భసంచి తీసేసిన కేసు. అందం కోసం వేసే సూదికీ అదే కొలత పెట్టాలి. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి. మందు పేరు, బ్యాచ్ నంబరు, వేసిన డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు రాసివ్వాలి. జెల్‌ను కరిగించే హైలురానిడేజ్ అక్కడే ఉంచాలి. "సోకులకు పోయింది, అనుభవించనీ" అనకుండా మన సలహా కేంద్రాలు ఈ ఫిర్యాదులనూ నమోదు చేసుకోవాలి.