ఒకసారి పడకపోతే ఎప్పటికీ పడదా?

పాలో, గుడ్డో పడని పసిబిడ్డకు ‘ఇక పెట్టొద్దు’ అంటారు. ఎన్నాళ్లో చెప్పేవారు తక్కువ. పాలు, గుడ్డు అలర్జీ చాలామంది పిల్లల్లో పెరిగేకొద్దీ పోతుంది. వేరుశనగ అలర్జీ అయిదుగురిలో సుమారు ఒకరికే. అందుకే కొంతకాలానికోసారి మళ్లీ పరీక్షించాలి. తినిపించి చూడటం మాత్రం ఇంట్లో కాదు, డాక్టరు ఎదుటే, ప్రాణాపాయం ఉంది.

వేరుశనగే పంటా, తిండీ అయిన గోరంట్ల కరువు పల్లెల్లో ఈ పరీక్ష చిన్న విషయం కాదు. 2013 ఆహార భద్రతా చట్టం ఆరేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీ భోజనాన్ని హక్కు చేసింది. మళ్లీ పరీక్ష లేకపోతే ఆ హక్కులో పాలూ గుడ్డూ ఊరికే పోతాయి. కూలి మానుకుని పట్నం తిరిగేదీ, ‘ఏం పెట్టావు?’ అన్న నింద మోసేదీ తల్లే. దీన్ని తల్లి జాగ్రత్తకు వదిలేయడాన్ని నేను ఒప్పుకోను. మళ్లీ రావాల్సిన తేదీ ఆసుపత్రి రాసివ్వాలి. అందాకా అంగన్‌వాడీ బదులు ఆహారం పెట్టాలి. ఈ రెండూ మనం అడుగుదాం.