వాన పడింది సరే, విమానం వల్లేనా?

మా గాండ్లపెంట వైపు వాన మొహం చాటేసిన ప్రతిసారీ ఎవరో ఒకరు మేఘమథనం మాటెత్తుతారు. 2004 నుంచి కొన్నేళ్లపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విమానాలు పెట్టి మేఘాల్లో రసాయనాలు చల్లించింది కదా, అదన్నమాట. అప్పటి అనంతపురం జిల్లాలోనూ చల్లారు. పని చేసిందా అని ఊళ్లో ఎవర్నడిగినా జవాబు ఒకటే: విమానం వచ్చింది, వాన పడింది.

సరే. విమానం రాకపోతే ఆ వాన పడేది కాదా?

ఇక్కడే ఉంది తిరకాసు. మబ్బు లేని ఆకాశంలోకి విమానం వెళ్లదు. అప్పటికే బాగా ఎదుగుతున్న మేఘాన్ని వెతుక్కుని వెళ్తుంది. అంటే ఎలాగూ కురిసేలా ఉన్నవాటిని ఏరుకుని, అవి కురిశాక మార్కులు రసాయనానికి వేస్తున్నాం. ముందే ర్యాంకులొచ్చే పిల్లల్ని చేర్చుకుని తర్వాత హోర్డింగులు పెట్టే కాలేజీల లెక్క! పైగా ఇలాంటి పథకాలు 2002 లాంటి ఘోరమైన కరువు చూశాకే మొదలవుతాయి. అంత చెడ్డ ఏడాది తర్వాత ఏమీ చెయ్యకపోయినా కాస్త మెరుగ్గా ఉండే అవకాశమే ఎక్కువ.

మనం ఆఫీసులో ఒక బటన్ రంగు మార్చాలన్నా ఏ/బీ టెస్ట్ పెడతాం. పండగ సేల్ రోజున కొత్త పేజీ ఎక్కించి, అమ్మకాలు పెరిగాయి చూడండి అంటే మేనేజర్ ఊరుకుంటాడా? (కొందరు ఊరుకుంటారు, అది వేరే సంగతి.)

అసలు ఈ విద్య మా పక్కనే కదిరిలో ఉంది. అక్కడి వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచే కదిరి-6, కదిరి లేపాక్షి లాంటి వేరుశనగ రకాలు వచ్చాయి. ఒక రకం మంచిదో కాదో తేల్చే పొలం పరీక్షల పద్ధతి చూడండి. చేనంతా ఒకే సారం ఉండదు కాబట్టి దాన్ని బ్లాకులుగా విడగొడతారు. ప్రతి బ్లాకులోనూ అన్ని రకాలూ వేస్తారు. ఏ మడిలో ఏ రకమో లాటరీయే తేలుస్తుంది. గట్టు పక్కన మొక్కకి వెలుతురూ చోటూ ఎక్కువ దొరుకుతాయని అంచు సాళ్ల దిగుబడి లెక్కలోకే తీసుకోరు. శెనక్కాయ దగ్గర ఇంత పట్టింపు ఉన్నవాళ్లం, మేఘం దగ్గరికొచ్చేసరికి గాలికొదిలేశాం.

ఇదంతా చెప్తే మా చిన్నాయనకి కోపమొచ్చింది. "ఈడ పైరు ఎండిపోతాంటే మీరు బొమ్మా బొరుసా ఆడతారా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే, కొట్టిపారెయ్యలేను. కానీ ఎంత ఖర్చు పెట్టినా విమానం అన్ని మేఘాల దగ్గరికీ వెళ్లలేదు. ఎవరో ఒకరిని వదిలెయ్యక తప్పదు. ఆ వదిలెయ్యడం పెద్దవాళ్ల ఫోన్‌తో కాకుండా చీటీతో జరిగితే రైతుకి కొత్తగా పోయేదేముంది?

చెయ్యలేని పని కూడా కాదిది. 2018, 2019 వర్షాకాలాల్లో పుణె ఐఐటీఎం శాస్త్రవేత్తలు మనలాంటి వర్షచ్ఛాయ ప్రాంతమైన షోలాపూర్‌లో చేశారు. కొన్ని మేఘాల్లో చల్లి, కొన్నింటిని కావాలనే వదిలేసి పోల్చారు. సగటున 18 శాతం దాకా ఎక్కువ వాన అని 2023లో ప్రకటించారు. ఆశ పుట్టించే లెక్కే. కానీ ఇజ్రాయెల్‌లో 1960ల నాటి మొదటి ప్రయోగంలోనూ 15 శాతం వచ్చింది. 2013 నుంచి 2020 దాకా మళ్లీ లాటరీ పద్ధతిలో పరీక్షిస్తే 1.8 శాతం తేలింది. అది కూడా కాకతాళీయం కాదని చెప్పలేనంత చిన్న తేడా. దాంతో వాళ్లు ఆ కార్యక్రమమే ఆపేశారు.

కాబట్టి ఈసారి టెండర్ పిలిస్తే అందులో ఒక షరతు చేర్చమనండి. మేఘం దగ్గరికి చేరాకే పైలట్ కవరు విప్పాలి, చల్లాలో వద్దో అందులోనే ఉండాలి. కింద వాన కొలిచేవాడికి ఆ సంగతి తెలియకూడదు. విమానం అద్దెతో పోలిస్తే ఆ కవరు ఖర్చు ఎంతని!