ఇంటి చదువు ఎవరి శ్రమ?

ప్రకృతే బడి అంటూ జరిగిన ఇంటి చదువుల సదస్సుకు వెళ్ళొచ్చాను. పిల్లలు ఆకునీ పురుగునీ చూసి నేర్చుకోవడం మంచిదే. కానీ ఇంట్లో చదువు చెప్పేదెవరు? ఉద్యోగాలు మానుకుని వచ్చినవాళ్ళంతా తల్లులే. జీతంలేని ఆ పనికి అక్కడ పెట్టిన పేరు 'ప్రేమ'.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానైనా నమ్మకంగా పడని మా తాడిపత్రి వైపు, వేరుశనగ చేలో కలుపు తీసే పదేళ్ళ పిల్లకు ఊడలు ఎప్పుడు దిగుతాయో, ఎర్రగొంగళి ఎప్పుడు వస్తుందో తెలుసు. దాన్నెవరూ ప్రకృతి పాఠం అనరు. ఆమె 'బడి మానేసిన పిల్ల'.

6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు చదువు హక్కని 2009 చట్టం చెప్పింది. బడి గోడలు ఇరుకే, నిజమే. అయినా మన ఆడపిల్లలకు కూలిపని నుంచీ, తొందరపెళ్ళి నుంచీ ఆ గోడలే కాస్త అడ్డు. బడిని వదులుకోవడం కాదు, ఆ పిల్ల చేలో నేర్చినదాన్ని బడిలోకి తేవాలని మనం అడగాలి.