మా తాతయ్య అంబాసిడర్‌కి ఎర్రర్ మెసేజ్ రాదు

సంక్రాంతి సెలవుల్లో నేను చేసిన ఘనకార్యం ముందే ఒప్పేసుకుంటున్నా. తెనాలిలో మా తాతయ్య కారు కాస్త వణికేది. బాగు చేస్తానని నేను చెయ్యి పెట్టాక బాగా వణకడం మొదలుపెట్టింది.

అది 1983 మోడల్ అంబాసిడర్, మార్క్ 4. పెట్రోల్ బండి, 1489 సీసీ, నాలుగు సిలిండర్లు, కార్బురేటర్. తాతయ్య ప్లీడరుగా ఉన్నన్నాళ్లూ కోర్టుకి దాన్లోనే వెళ్లారు. ఇప్పుడు ఆయనకి 78. బండి నెలకి రెండుసార్లు గేటు దాటితే గొప్ప. రైల్వే గేటు దగ్గర ఆగితే చాలు, స్టీరింగు నుంచి వెనక సీటు దాకా మొత్తం ఊగుతుంది, ఒక్కోసారి ఇంజన్ ఆగిపోతుంది కూడా. యాక్సిలరేటర్ కాస్త తొక్కితే మాత్రం ఏమీ ఎరగనట్టు సాఫీగా పోతుంది. "ఇంజన్ బోరుకొచ్చింది నాన్నా, ఇంక ఇచ్చేద్దాం" అని మా నాన్న రెండేళ్లుగా అంటున్నారు. తాతయ్య జవాబు చెప్పరు. బయటికెళ్లి బండి మీద కవరు సరిచేసి వస్తారు, అంతే.

నేను కంప్యూటర్ సైన్స్ కదా, డీబగ్గింగ్ నాకు చెప్పాలా అనుకున్నా. నాలుగు వీడియోలు చూసి ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, పాయింట్లు, కండెన్సర్ ఆర్డర్ పెట్టా. మూడు వేల పైచిలుకు అయింది. అన్నీ ఒకే సాయంత్రం మార్చేశా. పనిలో పనిగా కార్బురేటర్ స్క్రూ కూడా తిప్పా, ఎన్ని చుట్లు తిప్పానో రాసుకోలేదు. మన భాషలో చెప్పాలంటే ఐదు ఫైళ్లు మార్చి, టెస్ట్ చెయ్యకుండా, ఒకటే కమిట్ కొట్టా. బండి స్టార్ట్ అయి సైలెన్సర్‌లోంచి ఢామ్మని పేలింది. పక్కింటి వాళ్లు భోగి అయిపోలేదా అని అడిగారు.

మర్నాడు తాతయ్య తన పాత మెకానిక్ గారికి ఫోన్ చేశారు. ఆయన వచ్చి బానెట్ ఎత్తలేదు. ముందు కుర్చీలో కూర్చుని టీ తాగుతూ ప్రశ్నలు వేశారు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు వణుకుతుందా, వేడెక్కాకా? ఆగినప్పుడా, గేర్లో పోయేటప్పుడా? చోక్ లాగితే ఎలా ఉంటుంది? ఆఖరి ప్రశ్న నాకు: "నువ్వేమేం మార్చావు బాబూ, వరసగా చెప్పు." వరస నాకు గుర్తు లేదు.

ఆయన మొదట చేసింది నా తప్పు వెతకడం. ఈ ఇంజన్‌లో నిప్పు అందాల్సిన క్రమం 1-3-4-2. కొత్త వైర్లు పెట్టేటప్పుడు డిస్ట్రిబ్యూటర్ మూత మీద నేను రెండు తారుమారు చేశా. అవి సరిచేశాక పేలడం ఆగింది, పాత వణుకు తిరిగొచ్చింది. ఆయన సంతోషంగా "ఇప్పుడు అసలు జబ్బు ఒక్కటే మిగిలింది ప్లీడరు గారూ" అన్నారు. ముందున్న స్థితికి రావడం కూడా పని కిందే లెక్క అని నాకు అప్పుడే తెలిసింది.

తర్వాత సైలెన్సర్ గొట్టం దగ్గర అరచెయ్యి పెట్టి చూశారు. గాలి సమంగా తోస్తే సిలిండర్లన్నీ పని చేస్తున్నట్టు, అప్పుడు ఇంజన్ కింద రబ్బరు మౌంటింగులని అనుమానించాలి. మా బండి ఫట్ ఫట్, మధ్యలో ఖాళీ, మళ్లీ ఫట్. అంటే మిస్సింగ్. వణుకు ఒకటే అయినా కారణం ఇంజన్ లోపల ఉందా, ఇంజన్ని పట్టుకున్న చోట ఉందా అన్నది చెయ్యి పెడితే తేలిపోయింది.

ఆ తర్వాతిది నేను ఎప్పటికీ మర్చిపోను. ఇంజన్ ఆపి, ఒక ప్లగ్ వైరు తీసి, దాని చివర ఇంజన్ ఇనుముకి ఆనేలా కట్టి, మళ్లీ స్టార్ట్ చేసి వినడం. (నడుస్తున్న ఇంజన్ మీద వట్టి చేత్తో మీరు పీకకండి, షాక్ గట్టిగానే కొడుతుంది.) ఒకటో వైరు తీస్తే ఇంజన్ చచ్చేంత పనయింది. అంటే ఆ సిలిండర్ కష్టపడుతోంది. రెండోది తీసినా అంతే. మూడోది తీస్తే పెద్ద తేడా లేదు. నాలుగోది తీసినా తేడా లేదు. "మూడుకీ నాలుగుకీ ఉమ్మడి ఏంటి?" అని నన్ను అడిగారు. నేను ఆకాశం చూశా.

ఈ ఇంజన్ అసలు బ్రిటన్ వాళ్ల బీఎంసీ బీ-సిరీస్. నాలుగు సిలిండర్లకీ కలిపి లోపలికి దారులు రెండే: ఒకటీ రెండూ ఒక దారిలో, మూడూ నాలుగూ ఇంకో దారిలో పెట్రోల్ గాలి పీలుస్తాయి. కాబట్టి ఇద్దరే దొంగలు. మూడు, నాలుగు మధ్య హెడ్ గ్యాస్కెట్ కాలిపోయి ఉండాలి, లేదా వెనక దారి అతుకు దగ్గర బయటి గాలి దూరుతుండాలి. కంప్రెషన్ గేజ్ పెట్టి చూశారు. నాలుగూ బాగున్నాయి, ఇంచుమించు సమానం. హెడ్ గ్యాస్కెట్ నిర్దోషి. నాన్న రెండేళ్లుగా అంటున్న బోరు కూడా నిర్దోషి. తాతయ్య మొహం అప్పుడు చూడాలి, కేసు గెలిచినట్టు.

ఇంకో దొంగని పట్టడానికి, ఎగ్జాస్ట్ ఇంకా వేడెక్కకముందే, మానిఫోల్డ్ అతుకుల మీద కార్బురేటర్ క్లీనర్ కొద్దిగా కొట్టారు. ముందు అతుకు దగ్గర ఏమీ లేదు. వెనక అతుకు దగ్గర కొట్టగానే ఇంజన్ రెండు సెకన్లు కుదురుగా తిరిగి, మళ్లీ వణికింది. "గాలి దొంగదారిన దూరుతోంది" అన్నారు. వాక్యూమ్ లీక్ అన్న మాట నేను వీడియోల్లో పదిసార్లు విన్నా. ఈ ఒక్క వాక్యంతో అర్థమైంది. ఆగి ఉన్నప్పుడు థ్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది, లోపల పీల్పు ఎక్కువ, ఇంజన్‌కి కావాల్సిన గాలి తక్కువ. ఆ కాస్తలో దొంగగాలి వాటా పెద్దది, మిశ్రమంలో పెట్రోల్ పలచబడిపోతుంది. యాక్సిలరేటర్ తొక్కితే అసలు దారిలోనే బోలెడు గాలి వస్తుంది, దొంగగాలి లెక్కలోకి రాదు. అందుకే రోడ్డు మీద బుద్ధిమంతురాలు, గేటు దగ్గర ఊగిపోయేది. మానిఫోల్డ్ ప్యాకింగ్ మార్చి, నట్లు బిగించి, నేను తిప్పిన స్క్రూ సరిచేశారు. ప్యాకింగ్ ఖరీదు నేను కొన్న నాలుగు ప్లగ్గుల కంటే తక్కువ.

ఇది చెప్తే మా రూమ్మేట్, "ఇప్పటి కార్లకి స్కానర్ ఉంది కదరా, పెడితే కోడ్ వచ్చేస్తుంది" అన్నాడు. వస్తుంది. పీ0303 వస్తే మూడో సిలిండర్‌లో మిస్సింగ్ అని అర్థం. ఎందుకు అన్నది అందులో ఉండదు. ప్లగ్గా, కాయిలా, ఇంజెక్టరా, వాల్వా, గాలా? ఆ కోడ్ చూసి కాయిల్ మార్చేసేవాడికీ, ఆ సాయంత్రం నాకూ తేడా ఏం లేదు.

నా గొడవ మన ల్యాబుల గురించి. రెండేళ్లలో మనకి ఒక్కసారైనా చెడిపోయిన ప్రోగ్రామ్ ఇచ్చి, ఎక్కడ చెడిందో కనుక్కోమన్నారా? ఖాళీ స్క్రీన్ ఇస్తారు, ఔట్‌పుట్ వస్తే మార్కులు. రాకపోతే ఎర్రర్ కాపీ చేసి ఏఐకి ఇస్తాం, అది ఇచ్చిన కోడ్ పేస్ట్ చేస్తాం, పోకపోతే ఇంకోటి. అప్పటికి అసలు తప్పు మీద మన తప్పులు మూడు పేరుకుంటాయి. నేనూ అంతే, ఇంకా చేస్తూనే ఉన్నా. కానీ సెమిస్టర్‌కి రెండు ల్యాబులైనా ఇలా పెట్టొచ్చు: నడుస్తూ మధ్యమధ్యలో తప్పే ప్రోగ్రామ్ ఇవ్వండి. మార్కులు ఔట్‌పుట్‌కి కాకుండా రికార్డులో రాసిన వరసకి వెయ్యండి. ఏం చూశాం, ఏం అనుమానించాం, ఏ ఒక్కటి మార్చాం, ఏమైంది. ఔట్‌పుట్ రాకపోయినా, ముగ్గురు దొంగల్లో ఇద్దరు నిర్దోషులని తేల్చినవాడికి సగం పైన మార్కులు పడాలి. దిద్దడం కష్టమని సార్లు అంటారు, నిజమే. ఇప్పుడు ఒకే ప్రోగ్రామ్ అరవై రికార్డుల్లో దిద్దడం మాత్రం ఏమంత సుఖం?

బండిలో ఇంకా కొంచెం వణుకు ఉంది. ఇప్పుడు గొట్టం దగ్గర గాలి సమంగానే తోస్తోంది కాబట్టి అనుమానం మౌంటింగుల మీదే. "ఒకటి మార్చి నడిపి చూడు, ఆ తర్వాతే రెండోది" అని మెకానిక్ గారు చెప్పి వెళ్లారు. వేసవి సెలవులకి ఆ పని నాది. నోట్‌బుక్ కొన్నా, మొదటి పేజీలో తేదీ, కిలోమీటర్ల రీడింగ్ తాతయ్య రాశారు. నాన్న అమ్మకం మాట ఇంకా మానలేదు, కాకపోతే బోరు అనడం మానేశారు.