కాలిపర్ మళ్లీ తొడుక్కోవడం ఓటమి కాదు

మన దేశంలో సహజ పోలియో వైరస్ వల్ల వచ్చిన చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదైంది. 2014 మార్చి 27న మన దేశం పోలియో రహితమని ధ్రువపత్రం కూడా వచ్చింది. అందరం సంతోషించాం. అయితే జబ్బు పోయింది గాని, అది సోకిన పిల్లలు ఎక్కడికీ పోలేదు. పెరిగి పెద్దవారై మన మధ్యనే ఉన్నారు. వారి గురించే ఈ నాలుగు మాటలు.

ఆ మధ్య యాభై దాటిన ఒక అమ్మ మన ఓ.పి.కి వచ్చారు. రెండేళ్లప్పుడు జ్వరం వచ్చి కుడికాలు పడిపోయిందట. పెళ్లీడు రాగానే కాలిపర్ తీసేసి, తొడ మీద చెయ్యి ఆనించుకుని నడవడం అలవాటు చేసుకున్నారు. అలాగే ఇంటి పని, పొలం పని, ముగ్గురు పిల్లల పెంపకం. ఏడాదిగా నాలుగడుగులకే నీరసం, మంచి కాలు కూడా తేలిపోతోంది, రెండుసార్లు పడ్డారు. ఇంట్లోవాళ్లేమో “కూర్చుంటే అలాగే ఉంటుంది, ఇంకా నడువమ్మా” అంటున్నారట.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ తల్లులతో “ఎంత నడిపిస్తే అంత బాగుపడతారు” అనేదాన్ని. అది సగమే నిజం.

పోలియో వైరస్ వెన్నుపాములో కండరాలను కదిలించే నరాల కణాలను చంపుతుంది. మిగిలిన కణాలు కొత్త కొమ్మలు వేసి, చచ్చిపోయినవాటి పని కూడా మీద వేసుకుంటాయి. పిల్లలు మళ్లీ నడవగలగడానికి అదొక ముఖ్య కారణం. కానీ దశాబ్దాల తరబడి ఆ అదనపు బరువు మోసి అవి అలసిపోతాయి. పదిహేను ఏళ్లకో, నలభై ఏళ్లకో కొత్త నీరసం, నొప్పులు, చలికి తట్టుకోలేకపోవడం మొదలవుతాయి. దీన్ని పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారు. ఇది బద్ధకం కాదు. అంటదు కూడా.

ఇలాంటివారికి ఒళ్లు హూనమయ్యే వ్యాయామం మేలు కన్నా కీడే చేస్తుంది. ఫిజియోథెరపిస్టు చెప్పినంతే చేయాలి, మధ్యమధ్య విశ్రాంతి తీసుకోవాలి, బరువు పెరగకుండా చూసుకోవాలి. వంట కూర్చుని చేసుకోవచ్చు. ఆపరేషన్ అవసరమైతే చిన్నప్పుడు పోలియో వచ్చిన సంగతి మత్తు డాక్టరుగారికి ముందే చెప్పాలి. నీరసానికి రక్తహీనత, థైరాయిడ్ వంటి వేరే కారణాలూ ఉండవచ్చు కాబట్టి పరీక్ష తప్పదు.

ఆ అమ్మకు మళ్లీ కాలిపర్ కావాలని చెబితే కళ్లనీళ్లు పెట్టుకున్నారు. “ఇన్నేళ్ల కష్టం పోయిందా సిస్టర్?” అన్నారు. పోలేదమ్మా. ఆ కాలు మీకు యాభై ఏళ్లు చాకిరీ చేసింది, ఇప్పుడు దానికి సాయం కావాలి. కాలిపర్ విడిచిపెట్టడమే కోలుకోవడమని మనమందరం అనుకోబట్టే ఆమె ఏడ్చారు. పడకుండా, పనులు చేసుకుంటూ, నలుగురిలోకి వెళ్లగలిగితే అదే కోలుకోవడమని నా అభిప్రాయం.

మీ ఇంట్లో ఇలాంటి అత్తయ్యో, బాబాయో ఉంటే ఇంకా నడవమని పోరు పెట్టకండి. ఒకసారి వెంటబెట్టుకుని తీసుకురండి.