గర్భిణి నర్సు తొలగింపు చట్టవిరుద్ధం, అమానుషం: ఖండన ప్రకటన

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రజలకు, పత్రికా మిత్రులకు, వైద్య వృత్తిలోని సోదర సోదరీమణులకు:

విజయనగరం జిల్లాలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ప్రసూతి విభాగంలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్న మా సభ్యురాలిని, ఎనిమిదో నెల గర్భంతో ఉండగా విధుల నుంచి తొలగించడాన్ని మా సంఘం ముక్తకంఠంతో ఖండిస్తోంది. ఆమె కోరిక మేరకు పేరును, విచారణ ముగిసేదాకా ఆసుపత్రి పేరును గోప్యంగా ఉంచుతున్నాం. జరిగినదాన్ని మాత్రం ప్రజల ముందు పెడుతున్నాం.

ఆమె కోరినది స్వల్పం. రాత్రి డ్యూటీల నుంచి కొంతకాలం మినహాయింపు ఇవ్వాలని, రోగులను ఎత్తి స్ట్రెచర్ మీదికి మార్చే పని మరొకరికి అప్పగించాలని అర్జీ రాసి, వైద్యురాలి చీటీ జతపరిచింది. "డెలివరీ అయ్యాక రా అమ్మా, అప్పుడు చూద్దాం" అన్నది యాజమాన్యం సమాధానం. మరునాటి డ్యూటీ చార్టులో ఆమె పేరు లేదు.

తొలగింపు ఉత్తర్వు ఇవ్వలేదు. నోటీసు లేదు, సంజాయిషీ అడగలేదు. నోటిమాటతో మూడేళ్ల ఉద్యోగానికి ముగింపు పలికారు. కాగితం ఉంటే అది రేపు న్యాయస్థానంలో సాక్ష్యమవుతుందన్న ఎరుక యాజమాన్యానికి పుష్కలంగా ఉంది. చట్టం తెలియక చేసిన పని కాదనడానికి మాకు ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

స్వచ్ఛందంగా మానుకుంటున్నట్టు రాసిస్తే బకాయి జీతం ఇస్తామని బేరం పెట్టారు. ఆమె సంతకం చేయలేదు. ఉద్యోగంలో చేరిన రోజున తీసుకున్న ఆమె ఒరిజినల్ సర్టిఫికెట్లు నేటికీ ఆసుపత్రి బీరువాలోనే ఉన్నాయి. అవి లేకుండా ఆమె మరో ఆసుపత్రి గడప తొక్కలేదు. అనుభవ ధ్రువపత్రం లేనిదే ప్రభుత్వ కాంట్రాక్టు నియామకాల్లో ఈ మూడేళ్లూ లెక్కకు రావు. చదువుకోవడానికి చేసిన అప్పు తీరకముందే ఆ చదువు తాలూకు కాగితాలు పరాధీనం కావడం ఎంతటి దౌర్జన్యమో పాఠకులే ఆలోచించాలి.

తొలగించిన సమయాన్ని కూడా గమనించాలి. చట్టం ఇచ్చే 26 వారాల వేతన సెలవులో 8 వారాలను కాన్పుకు ముందే వాడుకోవచ్చు. ఆ సెలవు మొదలయ్యే ముంగిట ఆమెను బయటకు పంపారు. ఇది యాదృచ్ఛికమంటే నమ్మేంత అమాయకులం కాము.

1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం 12వ సెక్షన్ ప్రసూతి సెలవులో ఉన్న ఉద్యోగినిని తొలగించడాన్ని నిషేధించింది. గర్భవతిగా ఉన్నప్పుడు తొలగించినా ప్రసూతి ప్రయోజనం పొందే హక్కు ఆమెకు పోదని, 60 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చని అదే సెక్షన్ చెప్పింది. కాన్పుకు ముందు వచ్చే ఆరు వారాలకు ముందరి నెల రోజుల్లో, కోరిన స్త్రీకి శ్రమతో కూడిన పని, ఎక్కువసేపు నిలబడే పని అప్పగించరాదని 4వ సెక్షన్ శాసించింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో ఆ చట్టం విలీనమైంది. పాత చట్టం రద్దయింది కదా అని కొన్ని యాజమాన్యాలు ప్రచారం చేస్తున్నాయి. అది శుద్ధ అబద్ధం. తొలగింపు నిషేధం కొత్త స్మృతిలోనూ ఉంది.

"కాంట్రాక్టు సిబ్బందికి ఇవి వర్తించవు" అన్నది రెండో అబద్ధం. ఢిల్లీ నగరపాలక సంస్థ మస్టర్ రోల్ మహిళా కూలీల కేసులో, రోడ్డు పనులు చేసే దినసరి కూలీకి సైతం ప్రసూతి ప్రయోజనం దక్కాలని సుప్రీంకోర్టు 2000 మార్చి 8న తీర్పునిచ్చింది. కాంట్రాక్టు గడువు ముగిసినా ఆ ప్రయోజనం ఆగరాదని 2023 ఆగస్టులో డాక్టర్ కవితా యాదవ్ కేసులో స్పష్టం చేసింది. మొదటి గర్భంతోనే ఎయిర్ హోస్టెస్ ఉద్యోగం ఊడగొట్టే ఎయిర్ ఇండియా నిబంధనను 1981లోనే కొట్టివేసి, అది భారత స్త్రీత్వానికి అవమానమని ఎత్తిచూపింది. విమానంలో చెల్లని నిబంధన విజయనగరం ఆసుపత్రి వార్డులో చెల్లుతుందా?

ఖర్చు భరించలేమన్న మాట కూడా వింటున్నాం. చిన్న నర్సింగ్ హోమ్‌ల ఇబ్బందులు మాకు తెలియనివి కావు. అయితే నెల జీతం 21,000 రూపాయల్లోపు ఉన్న ఉద్యోగిని ఉద్యోగుల రాజ్య బీమా (ఇఎస్ఐ)లో నమోదై ఉంటే, ఆ 26 వారాల వేతనం ఇఎస్ఐ చెల్లిస్తుంది, యజమాని జేబు నుంచి పోదు. యజమాని కట్టవలసింది నెలనెలా జీతంలో 3.25 శాతం చందా మాత్రమే. అంత తేలికైన మార్గం ఉండగా తొలగింపు దాకా ఎందుకు వెళ్లారు? ఆమెను ఇఎస్ఐలో నమోదు చేయనేలేదు గనుక. ఆమె ప్రసూతి సెలవు అడిగిన మరుక్షణం ఆ ఎగవేత బయటపడుతుంది. ఒక నేరాన్ని కప్పిపుచ్చడానికి రెండో నేరం చేశారన్నది మా ఆరోపణ. జీతాల రిజిస్టరు, ఇఎస్ఐ చలాన్లు పక్కపక్కన పెడితే నిజం అరగంటలో తేలుతుంది.

జీతం మాట వచ్చింది గనుక చెబుతున్నాం. సుప్రీంకోర్టు ఆదేశంపై ఏర్పడిన కమిటీ, 50 పడకల్లోపు ప్రైవేటు ఆసుపత్రిలో సైతం నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని 2016లో సిఫారసు చేసింది. ఆ సిఫారసు నాగావళి, వంశధార దాటి మా దాకా ఇంకా చేరలేదు.

ఇక ఈ అన్యాయపు దుష్ఫలితాలు ఒక్క ఇంటితో ఆగడం లేదు.

ఎనిమిదో నెలలో ఉద్యోగం పోయిన స్త్రీకి కొత్త ఉద్యోగం ఎవరిస్తారు? అద్దె, ఇంట్లో పెద్దల మందులు, స్కానింగులు, రక్తపరీక్షలు ఆమె జీతం మీదే నడిచేవి. ఉత్తరాంధ్రలో ఎందరో భర్తల్లాగే ఆమె భర్త కూడా పనికోసం చెన్నై వలస వెళ్లాడు. ఆయన పంపే డబ్బు రెండిళ్లకూ చాలదు. వందలాది కాన్పులకు చేయూతనిచ్చిన నర్సు, తన కాన్పుకు చేతిలో కాసు లేక నిలబడింది.

ఇంతకన్నా తీవ్రమైన పరిణామం మరొకటి ఉంది. ఈ ఉదంతం తెలిసిన తోటి నర్సులు ఇకపై గర్భాన్ని దాస్తారు. కొందరు ఇప్పటికే దాస్తున్నారు. నెల తప్పినా చెప్పరు. వదులు యూనిఫాం కుట్టించుకుంటారు. ఎక్స్‌రే గదిలోకి పొమ్మంటే పోతారు, అంటువ్యాధుల వార్డులో వేస్తే కాదనరు, వాంతులొస్తే పైత్యమంటారు. మూడు నెలల్లోపు పేరు నమోదు చేయించుకోవాలని, నాలుగో నెల నుంచి ఐరన్ మాత్రలు మొదలుపెట్టాలని రోజూ పల్లెటూరి కోడళ్లకు చెప్పే నోటితోనే, తమ సంగతి ఏఎన్ఎంకు చెప్పడానికి జంకుతారు. మొదటి మూడు నెలల్లో అతి జాగ్రత్తగా ఉండవలసిన స్త్రీ, ఆ మూడు నెలలే అతి ప్రమాదకరమైన పనులు చేస్తుంది. గర్భస్రావమైతే 6 వారాల వేతన సెలవు ఆమె హక్కు. గర్భమే చెప్పుకోలేనిది ఆ సెలవు ఎలా అడుగుతుంది? ఈ భయానికి బాధ్యత వహించవలసినది నోటిమాటతో ఉద్యోగాలు ఊడగొట్టే యాజమాన్యాలే.

పాలకుల మాటలకు, ఈ వాస్తవానికి మధ్య అంతరాన్ని ప్రస్తావించక తప్పదు. 2025 మార్చిలో విజయనగరం పార్లమెంటు సభ్యులు కలిశెట్టి అప్పలనాయుడు గారు మూడో సంతానంగా ఆడపిల్ల పుడితే 50,000 రూపాయలు, మగపిల్లవాడు పుడితే ఆవు ఇస్తానని ప్రకటించారు. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు జనాభా పెరగాలంటున్నారు. మా సభ్యురాలికిది తొలి కాన్పు. ఆవు సంగతి తరువాత, ముందు ఆమె ఉద్యోగం ఇప్పించండి.

అదే మార్చిలో ఆశా కార్యకర్తలకు తొలి రెండు కాన్పులకు 180 రోజుల వేతన సెలవును ప్రభుత్వం ప్రకటించింది. దాన్ని మనసారా స్వాగతించాం. గర్భిణిని ఆసుపత్రికి తీసుకొచ్చే ఆశాకు సెలవుంది. ఆ గర్భిణిని వార్డులోకి తీసుకొనే ప్రైవేటు నర్సుకు ఉద్యోగమే లేదు. పరదా పాటించే స్త్రీలను దృష్టిలో ఉంచుకొని ఘోషా ఆసుపత్రి వెలసిన విజయనగరం చుట్టుపక్కల ఈ దుస్థితి దాపురించడం సిగ్గుచేటు.

అధికార యంత్రాంగం మౌనాన్నీ ఖండిస్తున్నాం. ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ జిల్లా వైద్య ఆరోగ్య శాఖ చేతిలో ఉంది. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పథకం కింద ప్రజాధనం ఈ ఆసుపత్రులకు చేరుతోంది. పడకలు, పరికరాలు లెక్కించే తనిఖీ బృందాలు నర్సుల హాజరు పట్టీని ఎందుకు తెరవవు? పాత చట్టంలో అక్రమ తొలగింపునకు కనీసం 3 నెలల జైలు శిక్ష రాసి ఉండేది. ఆ శిక్ష పడిన యజమాని పేరు ఈ రెండు జిల్లాల్లో మేము ఒక్కటీ వినలేదు.

మా సభ్యురాలిని పూర్తి వేతనంతో తక్షణం విధుల్లోకి తీసుకోవాలి. ఆమె సర్టిఫికెట్లను ఎలాంటి షరతూ లేకుండా తిరిగివ్వాలి. ప్రసూతి సెలవు ప్రయోజనాలన్నీ చెల్లించాలి. రెండు జిల్లాల ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సుల ఇఎస్ఐ నమోదుపై కార్మిక శాఖ, వైద్య ఆరోగ్య శాఖ సంయుక్తంగా తనిఖీ జరపాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోవడాన్ని జిల్లా కలెక్టర్లు ఉత్తర్వు ద్వారా నిషేధించాలి.

అప్పీలు గడువులో ప్రతి దినమూ మాకు ముఖ్యం. కార్మిక శాఖ అధికారికి అర్జీ సిద్ధమైంది. వచ్చే సోమవారం విజయనగరం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ముందు మా సభ్యురాలితో కలిసి హాజరవుతాం. ఇలాంటి తొలగింపునకు గురైన ఆయాలు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఫార్మసిస్టులు తమ నియామక పత్రం, జీతం చీటీ, వైద్యురాలి చీటీ నకళ్లతో అక్కడికి రావలసిందిగా కోరుతున్నాం. నియామక పత్రం ఇవ్వనివారు డ్యూటీ చార్టు ఫోటో తెచ్చినా చాలు.

– సంఘం కార్యవర్గం